మూడు రూపాయల తేడా: బెల్లం కొట్టులో పైథాన్, కోట్లిన్, ఫ్లట్టర్‌లకు పెట్టిన పరీక్ష

ఏ ఫోన్ గురించి రాసినా, దానికి సంబంధం లేని ప్రశ్న ఒకటి నాకు తప్పకుండా వస్తుంది. "అన్నా, ఏ ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్ నేర్చుకుంటే మంచిది?" అడిగేవాళ్లలో ఎక్కువమంది డిప్లొమా, బీటెక్ చదివేవాళ్లు. ఇన్నాళ్లూ నేను కూడా అందరిలాగే జవాబు చెప్పేవాణ్ని. జాబ్ కావాలంటే జావా, ఏఐ అంటే పైథాన్, యాప్స్ అయితే ఫ్లట్టర్. ప్రాసెసర్ బెంచ్‌మార్క్ స్కోర్లు చదివినట్టు చదివేసేవాణ్ని.

బెంచ్‌మార్క్ స్కోరు చూసి ఫోన్ కొనొద్దని ఇక్కడే ఎన్నోసార్లు రాశాను. ఎండలో స్క్రీన్ కనిపిస్తుందా, సాయంత్రానికి ఛార్జింగ్ మిగులుతుందా అన్నవే అసలు విషయాలని చెప్పాను. మరి లాంగ్వేజ్‌ల విషయంలో మాత్రం స్పీడ్ చార్టులు ఎందుకు చూపిస్తున్నాను? ఈ ప్రశ్న నాకు కాస్త ఆలస్యంగా తట్టింది. అది కూడా మా మావయ్య పుణ్యాన.

మాది అనకాపల్లి. బెల్లం పేరు చెప్తే ఎవరికైనా గుర్తొచ్చే ఊరు. దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో మాదొకటి. చెరకు మీద పరిశోధన చేసే కేంద్రం ఇక్కడ 1913 నుంచే ఉంది. 2022 ఏప్రిల్ 4న జిల్లా కేంద్రం కూడా అయ్యాం. కానీ సీజన్‌లో పొద్దున్నే మార్కెట్ యార్డ్‌కి వెళ్తే, పని నడిచే పద్ధతి మా తాతల నాటిదే. దిమ్మలు దిగుతాయి, రంగు చూస్తారు, పాట పాడతారు, కాటా వేస్తారు, చీటీ రాస్తారు.

మా మావయ్య అక్కడ ఒక కమీషన్ కొట్టులో గుమస్తా. ఆ చీటీలు రాసేది ఆయనే. చేతిరాత గుండ్రంగా ముత్యాల్లా ఉంటుంది, కానీ కళ్లు మునుపటిలా లేవు. "ఒరేయ్ అల్లుడూ, ఫోన్‌ల గురించి అంత రాస్తావు కదా, ఈ చీటీ ఫోన్‌లో కొడితే బయటికొచ్చేలా ఏదైనా చెయ్యి" అన్నాడు. చెయ్యడానికి ఏముంది, రెండు రోజుల పని అనుకున్నాను. సీజన్‌లో సగం దానికే పోయింది.

పని చూడ్డానికి చిన్నదే

చీటీ మీద ఉండాల్సినవి ఇవీ: రైతు పేరు, ఊరు, బెల్లం రకం, దిమ్మల సంఖ్య, బరువు, క్వింటాల్ ధర, మొత్తం. అన్నీ తెలుగులో ఉండాలి. బ్లూటూత్ థర్మల్ ప్రింటర్ మీద అక్కడికక్కడే రావాలి. సాయంత్రం ఆ రోజు లెక్క మొత్తం ఒక షీట్‌గా రావాలి. యార్డ్‌లో సిగ్నల్ సరిగ్గా లేకపోయినా పని ఆగకూడదు.

ఇందులో ఏఐ లేదు, క్లౌడ్ లేదు. సెకనుకు కోటి లెక్కలు చెయ్యాల్సిన అవసరం అంతకన్నా లేదు. రోజుకు కొన్ని వందల గుణకారాలు, అంతే. కాబట్టి సి ఎంత ఫాస్ట్, పైథాన్ ఎంత స్లో అన్న చర్చ ఇక్కడ మొదటి నిమిషంలోనే అయిపోయింది. చీటీ బయటికి రావడానికి పట్టే సమయమంతా ప్రింటర్ తినేదే.

పైథాన్‌తో మొదలుపెట్టాను. 1991లో గైడో వాన్ రోసమ్ మొదటి వెర్షన్ విడుదల చేసినప్పటి నుంచి దాని గుణం ఒకటే, మనసులో అనుకున్నది దాదాపు అలాగే రాసెయ్యొచ్చు. ఎస్‌క్యూలైట్ డేటాబేస్ పైథాన్‌తో పాటే వస్తుంది, విడిగా ఇన్‌స్టాల్ చెయ్యక్కర్లేదు. సాయంత్రం షీట్ తయారుచేసే భాగం ఒక్క రాత్రిలో అయిపోయింది. ఈ వ్యాసంలో ఇక ముందు పైథాన్ మీద ఫిర్యాదులు వస్తాయి కాబట్టి ఈ మాట ఇక్కడే చెప్పేస్తున్నాను. ఆ షీట్ ఇప్పటికీ పైథాన్‌లోనే వస్తోంది, మార్చే ఆలోచన కూడా లేదు.

చిక్కు చీటీ దగ్గర వచ్చింది.

"బెల్లం" ఎంత పొడవు?

ముందు ల్యాప్‌టాప్ స్క్రీన్ మీద చీటీ నమూనా తయారుచేశాను. వరుసలు వంకర టింకరగా వచ్చాయి. ఇంగ్లిష్ పేర్లు పెడితే గీత గీసినట్టు ఉన్నాయి, తెలుగు పేర్లు పెడితే ఒక్కో వరుసలో ధర ఒక్కో చోటికి జరిగిపోతోంది. కారణం వెతికితే, కంప్యూటర్ తెలుగును ఎలా లెక్కపెడుతుందో మొదటిసారి సరిగ్గా అర్థమైంది.

మీరే చెప్పండి, "బెల్లం" అన్న మాటలో ఎన్ని అక్షరాలున్నాయి? ఒకటో తరగతి పిల్లాడైనా రెండు అంటాడు. బె, ల్లం.

పైథాన్‌ను అడిగితే 6 అంటుంది. జావా, కోట్లిన్, డార్ట్, జావాస్క్రిప్ట్ కూడా 6 అనే చెప్తాయి. గో భాషను, రస్ట్‌ను అడిగితే 18. సి లో స్ట్రింగ్ పొడవు అడిగినా యూటీఎఫ్-8 అయితే అదే 18. యాపిల్ వాళ్ల స్విఫ్ట్ మాత్రం 3 అనో, కొత్త వెర్షన్ అయితే 2 అనో అంటుంది.

ఎవరూ అబద్ధం చెప్పడం లేదు, ఒక్కొక్కరూ ఒక్కొక్కటి లెక్కపెడుతున్నారు. యూనికోడ్‌లో "బెల్లం" అంటే బ, ఎత్వం, ల, పొల్లు, ల, సున్న. మొత్తం ఆరు కోడ్ పాయింట్లు. పైథాన్ లెక్కించేది వీటిని. యూటీఎఫ్-8లో తెలుగు కోడ్ పాయింట్ ఒక్కోటి మూడు బైట్లు తీసుకుంటుంది, అందుకే గో, రస్ట్ లెక్క పద్దెనిమిది. స్విఫ్ట్ మాత్రం మనిషి కంటికి ఒక అక్షరంగా కనిపించే ముక్కలను లెక్కించడానికి చూస్తుంది. అందులోనూ రెండు జవాబులు ఎందుకంటే, పాత నియమం ప్రకారం పొల్లు దగ్గర ముక్క తెగిపోయేది. బె, ల్, లం అని మూడు. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1లో తెలుగు, హిందీ, బెంగాలీ, గుజరాతీ, ఒడియా, మలయాళం లిపులకు ఒత్తును విడదీయకుండా కలిపి ఉంచే నియమం చేర్చారు. అప్పుడు గానీ కంప్యూటర్ లెక్క మన ఒకటో తరగతి పిల్లాడి లెక్కతో కలవలేదు.

తెలుగు లిపి యూనికోడ్‌లోకి వచ్చింది 1991లో. బెల్లంలో రెండక్షరాలే ఉన్నాయని ఒప్పుకోవడానికి మరో ముప్పై రెండేళ్లు పట్టిందన్నమాట.

ఇదేదో పండితుల గొడవ అనుకోకండి. 2018 ఫిబ్రవరిలో ఒక్క తెలుగు అక్షరం ఐఫోన్లను కుదేలు చేసింది, మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. "జ్ఞా" రూపంలో ఉండే ఒక అక్షరం, మధ్యలో కంటికి కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్ కోడ్‌తో కలిసి మెసేజ్‌గా వస్తే, దాన్ని చూపించబోయి యాప్ క్రాష్ అయ్యేది. నోటిఫికేషన్‌లో వస్తే ఫోనే పదేపదే రీస్టార్ట్ అయ్యేది. యాపిల్ 11.2.6 అప్‌డేట్ ఇచ్చి సరిచేసింది. అక్షరాలను ముక్కలుగా లెక్కపెట్టి, కలిపి గీసే పని ఎంత పెద్ద కంపెనీనైనా తిప్పలు పెట్టగలదని చెప్పడానికి అదొక్కటి చాలు.

నా చీటీ విషయానికొస్తే, పేరును పన్నెండు అక్షరాల వెడల్పుకు సర్దమని పైథాన్‌కు చెప్పాను. అది "బెల్లం" ఆరు తీసుకుందనుకుని ఇంకో ఆరు ఖాళీలు పెట్టింది. కంటికి కనిపించేవి రెండే. వరుస జరిగిపోయింది. ఇంగ్లిష్‌లో నేర్చుకున్న ప్రోగ్రామింగ్ పాఠాల్లో ఈ గొడవ ఎక్కడా రాదు. అక్కడ ఒక కోడ్ పాయింట్ అంటే ఒక అక్షరం, ఒక అక్షరం అంటే ఒక గడి.

ప్రింటర్‌కు తెలుగు రాదు

దీనికి తోడు ఇంకో సంగతి. మన కిరాణా కొట్లలో కనిపించే 58 మిల్లీమీటర్ల థర్మల్ ప్రింటర్లకు తెలుగు అక్షరాలే తెలియవు. లోపల ఇంగ్లిష్, యూరప్ భాషలు, కొన్నిట్లో చైనీస్ ఉంటాయి. తెలుగు టెక్స్ట్ పంపితే పిచ్చి గీతలు వస్తాయి. మార్గం ఒక్కటే. చీటీ మొత్తాన్ని బొమ్మగా గీసి, ఆ బొమ్మను పంపాలి. ఈ ప్రింటర్ల వెడల్పు సాధారణంగా 384 చుక్కలు. అంటే 384 పిక్సెళ్ల వెడల్పున్న నలుపు తెలుపు ఫొటో తయారుచేస్తున్నామన్నమాట.

బొమ్మ గీయడానికి పైథాన్‌లో పిల్లో అనే లైబ్రరీ వాడాను. వరుసల సమస్య తీరిపోయింది, ఎందుకంటే ఇప్పుడు అక్షరాలను కాక పిక్సెళ్లను కొలుస్తున్నాను. కానీ "అనకాపల్లి" అని గీయమంటే ల కింద ఒత్తు రాలేదు. ల పక్కన పొల్లు, దాని పక్కన ఇంకో ల. ఒత్తులు సరిగ్గా కూర్చాలంటే పిల్లోకు రాక్మ్ అనే లేఅవుట్ ఇంజిన్ తోడు కావాలి. విండోస్‌లో దానికి కావలసిన ఇంకో ఫైల్‌ను విడిగా తెచ్చిపెట్టుకోవాలి. ఆ పని అయ్యాక చీటీ బాగానే వచ్చింది. కానీ ఇదంతా ల్యాప్‌టాప్‌లో. కాటా దగ్గర ల్యాప్‌టాప్ ఎక్కడ పెట్టను, కళాసీల కాళ్ల కిందా?

కాబట్టి ఫోన్ యాపే కావాలి. అప్పుడు కోట్లిన్, ఫ్లట్టర్ ముందుకొచ్చాయి.

కోట్లిన్‌ను జెట్‌బ్రెయిన్స్ కంపెనీ 2011లో ప్రకటించింది. 2017లో గూగుల్ దాన్ని ఆండ్రాయిడ్‌కు అధికారిక భాషగా ఒప్పుకుంది, 2019 నుంచి ముందు కోట్లిన్, తర్వాతే జావా అంటోంది. కాలేజీలో జావా నేర్చుకున్నవాళ్లకు కోట్లిన్ రెండు వారాల్లో చేతికొస్తుంది. ఫ్లట్టర్ మాత్రం గూగుల్ సొంత సరుకు. దాని భాష డార్ట్. 1.0 వెర్షన్ 2018 డిసెంబర్‌లో వచ్చింది. ఒకసారి రాస్తే ఆండ్రాయిడ్‌లోనూ ఐఫోన్‌లోనూ నడుస్తుంది.

తెలుగు గీయడంలో రెండింటికీ ఫుల్ మార్కులు. ఆండ్రాయిడ్ లోపల, ఫ్లట్టర్ లోపల కూడా హార్ఫ్‌బజ్ అనే ఇంజిన్ ఉంటుంది, ఒత్తులూ గుణింతాలూ అదే కూర్చిపెడుతుంది. నేను పైథాన్‌తో ఒక వారాంతం కుస్తీ పట్టిన పని ఇక్కడ అడక్కుండానే జరిగిపోయింది. ఫోన్ తయారీదారు తెలుగు ఫాంట్ మార్చేసి ఉంటాడేమోనన్న భయంతో నోటో సాన్స్ తెలుగు ఫాంట్‌ను యాప్‌లోనే పెట్టేశాను. చీటీ ఏ ఫోన్ నుంచి కొట్టినా ఒకేలా వస్తుంది.

ఫ్లట్టర్‌నే ఎంచుకున్నాను. కొట్టు యజమాని చేతిలో ఐఫోన్ ఉంది, ఆయనా చూడాలంటాడు. అది ఒక కారణం. రెండోది హాట్ రీలోడ్. కోడ్‌లో అక్షరం సైజు మార్చి సేవ్ కొడితే ఫోన్ స్క్రీన్ మీద అప్పుడే మారిపోతుంది. పక్కన మావయ్య కూర్చుని "ఇంకొంచెం పెద్దగా, ఇంకొంచెం" అంటుంటే అంతకంటే సుఖం లేదు. కోట్లిన్‌లో కూడా కంపోజ్ వచ్చాక ప్రివ్యూ బాగానే ఉంది గానీ, నా 8 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్‌లో గ్రేడిల్ బిల్డ్ మొదలైతే టీ తాగి రావొచ్చు.

బ్లూటూత్ ప్రింటర్‌తో మాట్లాడే చోట మాత్రం కోట్లిన్‌దే పైచేయి. ఆండ్రాయిడ్ ఇచ్చిన పద్ధతులనే నేరుగా వాడుకుంటాం. ఫ్లట్టర్‌లో ఎవరో రాసిన ప్లగిన్ మీద ఆధారపడాలి. నేను మొదట తీసుకున్న ప్లగిన్‌ను రాసినాయన ఎప్పుడో వదిలేశాడు, కొత్త ఆండ్రాయిడ్ అడిగే బ్లూటూత్ పర్మిషన్ల సంగతి దానికి తెలియదు. చివరికి ఆ చిన్న ముక్కను నేనే కోట్లిన్‌లో రాసి ఫ్లట్టర్‌కు అతికించాను. ఫ్లట్టర్ నేర్చుకుంటే కోట్లిన్ అక్కర్లేదని ఎవరైనా చెప్తే పూర్తిగా నమ్మకండి.

మూడు రూపాయలు

యాప్ తయారైంది. రైతులు చీటీ చూసి మురిసిపోయారని చెప్పను, చదివి మడిచి జేబులో పెట్టుకున్నారు, అంతే. నాకు అది చాలు. వారం బాగానే నడిచింది.

తర్వాత ఒక సాయంత్రం మావయ్య ఫోన్ చేశాడు. "ఏట్రా ఇది, చీటీల మొత్తానికీ నీ షీట్ మొత్తానికీ మూడు రూపాయలు తేడా వస్తంది."

మూడు రూపాయలే కదా మావయ్యా, నేనిస్తాను, ఖాతా కట్టెయ్ అన్నాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా చెప్పాడు. "డబ్బుల గురించి కాదురా. రైతు చేతిలో ఉన్న కాయితం ఒకటి సెప్తే, మన పుస్తకం ఇంకోటి సెప్పకూడదు. ఇన్నేళ్లలో ఎప్పుడూ అలా జరగలేదు. తేలే దాకా రేపు చేత్తోనే రాస్తాను."

ఆయన ఉద్యోగమంతా ఆ నమ్మకం మీదే నిలబడింది. నా యాప్ దానికి చిల్లు పెట్టింది.

రాత్రంతా కూర్చున్నాను. రెండు చోట్లా ఒకే డేటా, ఒకే సూత్రం: బరువును ధరతో గుణించు, దగ్గరి రూపాయికి సవరించు. ఒక్కో చీటీ తీసి రెండు వైపులా పోల్చుకుంటూ వెళ్తే ఒకటి దొరికింది. అంకెలు సులువుగా ఉండేలా ఇలా అనుకోండి. బరువు 11.5 క్వింటాళ్లు, ధర 4,355. గుణిస్తే 50,082.50. ఫోన్ చీటీ మీద 50,083 ఉంది. పైథాన్ షీట్‌లో 50,082.

తప్పు ఎవరిది? ఇద్దరిదీ కాదు. సరిగ్గా సగం వచ్చినప్పుడు డార్ట్‌లోని రౌండ్ పై అంకెకు వెళ్తుంది, మనకు బడిలో నేర్పినట్టు. పైథాన్ 3లోని రౌండ్ దగ్గరలో ఉన్న సరి సంఖ్యకు వెళ్తుంది. 2.5ను రౌండ్ చేస్తే 2 వస్తుంది, 3.5ను చేస్తే 4. దీన్ని బ్యాంకర్స్ రౌండింగ్ అంటారు. వేల లెక్కలు కూడినప్పుడు మొత్తం ఎప్పుడూ పైవైపే పెరిగిపోకుండా ఉండేందుకు పెట్టిన పద్ధతి. ఆలోచిస్తే న్యాయమైనదే. కానీ చీటీ చేతిలో ఉన్న రైతుకు అది చెప్పలేం.

వారం రోజులు ఎందుకు దొరకలేదో కూడా అప్పుడే తెలిసింది. బరువు 9.5, ధర 4,245 అయితే 40,327.50 వస్తుంది. దీన్ని డార్ట్ 40,328 చేస్తుంది. పైథాన్ కూడా 40,328 చేస్తుంది, ఎందుకంటే అది సరి సంఖ్య. అంటే సగం వచ్చిన చీటీల్లోనూ కొన్నింటిలోనే తేడా పడుతుంది. టెస్ట్ చేసేటప్పుడు నేను వేసుకున్న నాలుగైదు లెక్కలూ కలిసే రకమే అయ్యాయి.

ఈ పురుగు లోపలికి ఎలా వచ్చిందో చెప్పాలంటే కాస్త సిగ్గుగానే ఉంది. పైథాన్ కోడ్‌ను డార్ట్‌లోకి మార్చిపెట్టమని ఒక ఏఐ అసిస్టెంట్‌కు ఇచ్చాను. చక్కగా మార్చింది. పైథాన్‌లో రౌండ్ ఉన్న చోట డార్ట్‌లో రౌండ్ పెట్టింది. రెండింటి పేరూ ఒకటే, చదివితే ఎవరికీ అనుమానం రాదు. నాకూ రాలేదు. గిట్ హిస్టరీలో ఆ రోజు నేను రాసుకున్న మెసేజ్ ఇప్పటికీ ఉంది: "లెక్క భాగం అలాగే మార్చాను, ఏమీ తేడా లేదు."

అప్పటి నుంచి ఏ లాంగ్వేజ్ కనిపించినా ముందు 2.5ను రౌండ్ చేసి చూడటం అలవాటైపోయింది. జావాలో మ్యాథ్ రౌండ్ 3 ఇస్తుంది, జావాస్క్రిప్ట్ కూడా 3. కోట్లిన్ అయితే ఒకే ఇంట్లో రెండు కాపురాలు పెట్టింది. మ్యాథ్ లైబ్రరీలోని రౌండ్ 2 అంటుంది, రౌండ్ టు ఇంట్ 3 అంటుంది. ఎక్సెల్ షీట్‌లోని రౌండ్ ఫార్ములా 3 ఇస్తే, అదే ఎక్సెల్‌లో మ్యాక్రో రాసే వీబీఏ భాషలోని రౌండ్ 2 ఇస్తుంది. మీ ఊళ్లో ఏదైనా కొట్టు లెక్కలు సగం ఎక్సెల్‌లో, సగం యాప్‌లో నడుస్తుంటే ఒకసారి సరిచూడమని చెప్పండి.

రుణ సంఖ్యలతో భాగహారంలోనూ ఇలాంటిదే ఉంది. మైనస్ 7ను 2తో పూర్ణాంక భాగహారం చేస్తే పైథాన్ మైనస్ 4 అంటుంది, సి, జావా, డార్ట్ మైనస్ 3 అంటాయి. మాకు రిటర్న్ చీటీలు లేవు కాబట్టి బతికిపోయాను.

సరిచేసిన పద్ధతి

దశాంశ సంఖ్యలతో డబ్బు లెక్క పెట్టకూడదని అందరూ చెప్తారు. 0.1కి 0.2 కలిపితే పైథాన్, జావాస్క్రిప్ట్, జావా, డార్ట్ అన్నీ 0.30000000000000004 అనే చెప్తాయని మీరు మీమ్స్‌లో చూసే ఉంటారు. కంప్యూటర్ లోపల రెండు అంకెల లెక్కలో 0.1ను కచ్చితంగా రాయలేం, అదే కారణం. పైథాన్‌లో డెసిమల్, జావా, కోట్లిన్‌లలో బిగ్‌డెసిమల్ అనే రకాలు ఇందుకోసమే ఉన్నాయి. డార్ట్‌లో అలాంటిది భాషతో పాటు రాదు, ప్యాకేజీ తెచ్చుకోవాలి.

నాకు అవేవీ అక్కర్లేకపోయింది. మార్కెట్ లెక్కలోనే ఒక సుళువు దాగి ఉంది. క్వింటాల్ అంటే వంద కిలోలు, రూపాయి అంటే వంద పైసలు. కాబట్టి క్వింటాల్ ధర 4,355 రూపాయలు అంటే కిలో ధర 4,355 పైసలు. అంకె మారదు! బరువును కిలోల్లో పెట్టుకుంటే 1,150ని 4,355తో గుణించడమే. 50,08,250 పైసలు. ఎక్కడా చుక్క లేదు, అన్నీ పూర్ణాంకాలే. దానికి 50 కలిపి 100తో భాగించి శేషం వదిలేస్తే 50,083 రూపాయలు. పూర్ణాంకాల కూడికా గుణకారమూ, ధన సంఖ్యల భాగహారమూ ఏ భాషలోనైనా ఒక్కలాగే ఉంటాయి.

అర్ధ రూపాయి ఎటు పోవాలన్నది మాత్రం నేను తేల్చలేదు. మావయ్యను అడిగాను. "రైతు వైపు. ఎప్పుడూ అంతే" అన్నాడు. ఆ నియమం ఆయన బుర్రలో ముప్పై ఏళ్లుగా ఉంది, నేను అడగకుండా రౌండ్ అని ఒక్క మాట రాసేశాను.

రెండో మార్పు ఇంకా ముఖ్యమైనది. ఇప్పుడు మొత్తాన్ని లెక్కపెట్టేది ఒక్క చోటే, ఫోన్‌లో, చీటీ కొట్టే క్షణంలో. ఆ అంకె ఎస్‌క్యూలైట్‌లో పూర్ణాంకంగా పడిపోతుంది. పైథాన్ దాన్ని చదివి కూడుతుందే తప్ప మళ్లీ గుణించదు. ఒకే లెక్కను రెండు భాషల్లో రెండుసార్లు చెయ్యడమే నా అసలు తప్పు. అలా చేసి ఉంటే రస్ట్‌లో రాసినా అదే జరిగేది.

టూల్స్ గురించి నాలుగు మాటలు

వీఎస్ కోడ్, ఆండ్రాయిడ్ స్టూడియో రెండూ వాడాను. తక్కువ ర్యామ్ ఉన్నవాళ్లకు నా సలహా: ఫ్లట్టర్‌కు వీఎస్ కోడ్ పెట్టుకోండి, ఎమ్యులేటర్ జోలికి వెళ్లకండి. కేబుల్ పెట్టి మీ ఫోన్‌నే వాడండి, యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేస్తే చాలు. ఆండ్రాయిడ్ స్టూడియోకు 8 జీబీ అనేది కనీసం మాత్రమే, ఎమ్యులేటర్ కూడా తెరిస్తే 16 ఉన్నా ఫ్యాన్ మోగుతుంది. కోట్లిన్ ముక్క రాసేటప్పుడు మాత్రం ఆండ్రాయిడ్ స్టూడియో ఇచ్చే సూచనలకు వీఎస్ కోడ్ సాటిరాదు.

ల్యాప్‌టాప్ లేనివాళ్లు ఫోన్‌లో టెర్మక్స్ పెట్టుకుని పైథాన్ నేర్చుకోవచ్చు. ఎఫ్-డ్రాయిడ్ నుంచి దించుకోండి. పైన చెప్పిన పొడవు పరీక్ష, 2.5 పరీక్ష రెండూ అందులో రెండు నిమిషాల్లో అయిపోతాయి.

కాలేజీ ల్యాబ్‌లో టర్బో సి నీలి స్క్రీన్ ఇంకా చూస్తున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మీ బాధ తెలుసు. నేనూ డాస్‌బాక్స్‌లో దాన్ని తెరిచి పరీక్ష రాసినవాణ్నే. అది యూనికోడ్ రాకముందు సాఫ్ట్‌వేర్, దానికి తెలుగు అక్షరం చూపించడం మన ప్రింటర్‌కు చూపించినట్టే. సి భాషను మాత్రం దాని మీది కోపంతో వదిలెయ్యకండి. జీసీసీ పెట్టుకుని "బెల్లం"లోని 18 బైట్లను ఒక్కొక్కటిగా ప్రింట్ చేసి చూడండి. నాకు యూటీఎఫ్-8 అర్థమైంది ఆ రోజే, ఏ వీడియో చూసినా కాదు.

మరి ఏది నేర్చుకోవాలి అంటారా? మొదటి భాష కావాలంటే ఇప్పటికీ పైథాన్ అనే చెప్తాను. ఫోన్‌లో ఏదైనా చేసి నలుగురికీ ఇవ్వాలనుంటే ఫ్లట్టర్, ప్రింటర్లూ సెన్సర్లూ లాంటి వాటితో పనైతే కోట్లిన్. గో, రస్ట్ నాకిష్టమే, కానీ ఈ పనిలో వాటికి చోటు దొరకలేదు. జావా ఎందుకు చెప్పలేదని అమీర్‌పేట అన్నయ్యలు కోప్పడొద్దు, మీ పని వేరు, నా పని వేరు.

సరిచేసిన యాప్ ఇచ్చాక మావయ్య వెంటనే ఒప్పుకోలేదు. పది రోజులు చేత్తో కూడా రాసి, రోజూ సాయంత్రం మూడూ పక్కపక్కన పెట్టుకుని సరిచూశాడు: తన పుస్తకం, చీటీలు, నా షీట్. పదకొండో రోజు పుస్తకం తియ్యలేదు. ఏమీ అనలేదు కూడా.

మొన్న కొత్త కోరిక కోరాడు. చీటీ నలిగిపోతోందట, రైతుల పిల్లలకు వాట్సాప్‌లో పంపితే బాగుంటుందట. చీటీ ఎలాగూ బొమ్మే కదా, షేర్ బటన్ ఒకటి పెట్టాను. అరగంట పట్టింది.